వెచ్చగా దాచిన నల్ల డబ్బా

మా తమ్ముడు ఆర్విడ్ అంత మంచివాడు మా కౌంటీలో లేడని అందరూ అంటారు. అనేవాళ్ళకేం, వాళ్ళు వాడితో కాపురం చెయ్యడంలేదు. మా ఆయన పోయినప్పటినుంచీ వాడి ఇంట్లోనే ఉంటున్నాను. వాడి మంచితనంతో రోజూ వేగేదాన్ని నేను. కాఫీ చల్లారిపోయిందిరా, వేడి చెయ్యనా అంటే "పర్లేదక్కా, ఇలాగే బావుంది" అంటాడు. చెప్పులో రాయి దూరినా ఇంటిదాకా కుంటుకుంటూ వచ్చే రకం. దారిలో ఆగితే వెనకొచ్చేవాళ్ళకి ఇబ్బందట.

ధాన్యం గోదాంలో లారీలు తూచే ఉద్యోగం చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకురా అంటే "ఎవరూ గట్టిగా అడగలేదక్కా" అంటాడు. నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియదు. ఉన్న సరదా ఒక్కటే, వీడియో కెమెరా. ఊళ్ళో బాప్తిస్మమైనా, పెళ్ళైనా, బడిపిల్లల బాస్కెట్‌బాల్ ఆటైనా, చర్చి బేస్‌మెంట్‌లో చేపల విందైనా, వెనక గోడకి ఆనుకుని, ఎవరికీ అడ్డం రాకుండా తీస్తూ నిలబడేవాడు. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, ఎవరూ వద్దనేవాళ్ళూ కాదు. ఆర్విడ్ ఉంటాడులే అనుకునేవాళ్ళు.

తర్వాత టేపులు పాతబడ్డాయి, వాటిని ఆడించే మిషన్లు పాడైపోయాయి. వీడు కంప్యూటర్ కొనుక్కుని టేపులన్నీ ఒక్కొక్కటే హార్డ్ డిస్కులోకి ఎక్కించడం మొదలెట్టాడు. ఆ సంగతి తెలిసి ఊరంతా తమ టేపులు సంచుల్లో వేసుకుని మా గుమ్మంలోకి తెచ్చిపడేసింది. ఎక్కించాక ఆ పాత టేపులేం చెయ్యమంటారని వీడు అడిగితే, "నువ్వే పారెయ్ ఆర్విడ్, నీకు శ్రమ లేకపోతేనే సుమా" అన్నారు. శ్రమేముంది? ట్రక్కు వెనకాల వేసుకుని చెత్తగుట్టకి తీసుకుపోయి పోసొచ్చాడు. నీట్‌గా ఉండాలి మా వాడికి. అలా మా ఊరి పెళ్ళిళ్ళూ, పసిపిల్లలూ, పోయినవాళ్ళూ అందరూ అరచేతిలో పట్టే నల్ల డబ్బాలోకి చేరారు. ఇంకోటి కొని దాంట్లో కూడా పెట్టరా అని చెప్పాను. "ఇది బానే ఉందిగా అక్కా" అన్నాడు. మా ఊళ్ళో బాగున్నదాన్ని మార్చడం పాపం కింద లెక్క.

ఇక వాడు దాన్ని దాచిన తీరు చెప్తే మీరు నమ్మరు. మా నార్త్ డకోటా చలిలో ఎవరైనా సరే, ప్రాణంగా చూసుకునేదాన్ని వెచ్చగా ఉంచుతారు. కుక్కనీ, కారు బ్యాటరీనీ, పూలకుండీనీ. వీడు ఆ డబ్బాని మా నాన్న ఉన్ని టోపీలో చుట్టి, ఇంటిని వెచ్చబెట్టే గాలి వచ్చే కంత పైన, నా పూలకుండీల మధ్య అరలో పెట్టాడు. ఏళ్ళ తరబడి చలికాలమంతా అక్కడే. నేనూ రోజూ మొక్కలకి నీళ్ళు పోస్తూ దాన్ని చూసి, పాపం వెచ్చగా ఉందిలే అనుకున్నాను. ఇద్దరికిద్దరం!

కిందటి శరదృతువులో ఒకరోజు చేపముక్కల కోసం ఫ్రీజర్ తెరిచాను. బఠాణీల పొట్లం పక్కన ప్లాస్టిక్ సంచిలో నల్ల డబ్బా!

"ఏరా, దీన్ని కూడా వండమంటావా?" అని అరిచాను.

వాడు కుర్చీలోంచి లేవలేదు. అప్పుడు చెప్పాడు. డబ్బా టిక్కుటిక్కుమంటోందట, మధ్యలో గర్రుమంటోందట. ఫార్గో పట్నం తీసుకెళ్ళి రిపేరు షాపులో చూపించాడట. షాపాయన దాన్ని చెవిదగ్గర పెట్టుకుని విని, "పెద్దాయనా, దీన్నేమైనా పొయ్యిమీద ఉడకబెట్టారా?" అని అడిగాడట. లోపల తిరిగే పళ్ళేల మీద గీతలు పడ్డాయి, గీసుకుపోయిన చోటున్నది ఎక్కడికి పంపినా తిరిగి రాదు, చల్లగా ఉన్నంతసేపు కాస్త నడవచ్చు, వేడెక్కితే మళ్ళీ గీసుకుంటుంది, తర్వాత మీ అదృష్టం అన్నాడట. ఇదంతా జరిగి వారాలైంది. ఒక్క ముక్క నాతో అనలేదు దొంగవెధవ. నన్ను కంగారుపెట్టడం ఎందుకని!

అప్పటినుంచీ వాడికదే పని. డబ్బాని చల్లబెట్టడం, కంప్యూటర్‌కి తగిలించడం, వేడెక్కేలోపు ఒక పెళ్ళినో రెండు బాప్తిస్మాలనో బయటికి లాగడం, గర్రుమనగానే పీకెయ్యడం. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. ఈలోపు అది ఆగిపోతుందేమోనని భయపడి ఊరు వదిలి ఎటూ పోలేదు, మిన్నెసోటాలో మా పెదనాన్న మనవరాలి పెళ్ళికి కూడా.

"లవోన్‌ది వచ్చిందా?" అని అడిగాను.

"మొట్టమొదట దానికే పోయానక్కా. ముట్టుకోగానే గర్రుమంది. భయమేసి ఆపేశాను. మళ్ళీ చెయ్యి వెయ్యలేదు."

తక్కినవాళ్ళ పెళ్ళిళ్ళు పోతే పోనీ, వాళ్ళలో సగంమంది విడాకులు కూడా తీసుకున్నారు. మా స్నేహితురాలు లవోన్‌ది అలాంటిది కాదు. ఆమె కొడుకు డారెల్ పందొమ్మిదేళ్ళవాడు. దాదాపు ముప్పై ఏళ్ళ కిందట నవంబరు చివర్లో, చెరువు మీద మంచు ఇంకా పలచగా ఉండగానే, మంచుమీద నడిపే స్నోమొబైల్ బండి వేసుకుని పోయి మునిగిపోయాడు. అంతకు రెండు రోజుల ముందు చర్చిలో చేపల విందు. అక్కడి వంటగదిలో ఆర్విడ్ తీసిన టేపులో డారెల్ కాసేపు కనిపిస్తాడు, ఏదో మాట్లాడతాడు. వాడి గొంతు ఉన్నది లోకం మొత్తం మీద అక్కడొక్కచోటే.

ఏటా జనవరిలో డారెల్ పుట్టినరోజునాడు లవోన్ ఒక పళ్ళెం నిండా ఖర్జూరం బిళ్ళలు చేసి తెచ్చేది. కాఫీ తాగేది. వాతావరణం గురించి, పాస్టరుగారి మోకాలు గురించి మాట్లాడేది. అప్పుడు మావాడు "చూస్తావా లవోన్?" అనేవాడు. "నీకు శ్రమ లేకపోతే" అనేది. ఆ కాసేపు నేను బట్టలుతికే గదిలోకి దిగిపోయేదాన్ని. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే చూడ్డం మాకు చేతకాదు. నేను పైకొచ్చేసరికి ఆమె కోటు తొడుక్కుంటూ ఉండేది.

ఈ జనవరిలోనూ వచ్చింది. ఫోన్ చేసి ఈసారి వద్దని చెప్పరా అని నేను ముందునుంచీ పోరుతూనే ఉన్నాను. "ఎలా చెప్తామక్కా, పాపం" అని తప్పించుకుంటూ వచ్చాడు. ఆమె పళ్ళెంతో గుమ్మంలో అడుగుపెట్టింది, వెనకాలే తుపాను అడుగుపెట్టింది. రేడియోలో సాయంత్రానికి అన్నారు, మధ్యాహ్నానికే ఎదుటి ఇల్లు కనపడకుండా పోయింది. తెల్లటి గోడ కట్టేసినట్టు మంచు. కాఫీ అయ్యేసరికి ఆమె కారు చక్రాలదాకా కూరుకుపోయింది. షెరీఫు ఆఫీసువాళ్ళు రేడియోలో ఎవరూ ఇల్లు కదలొద్దని చెప్తున్నారు.

"నేను నడిచి వెళ్ళిపోతాలే, ఎంత దూరం గనక" అని లేచింది లవోన్.

"వెళ్ళు. వసంతం వచ్చాక మంచు కరిగితే దొరుకుతావు" అన్నాను.

కూర్చుంది. పడుకోవడానికి నా మంచం ఇస్తానంటే ఒప్పుకోలేదు, సోఫా చాలంది. సోఫా మీద ఆర్విడ్ పడుకుంటాడు, వాడి మంచం తీసుకోమంటే అదీ వద్దంది. చివరికి ఆమె సోఫా మీద, ఆర్విడ్ తన మంచం మీద సిగ్గుపడుతూ పడుకున్నారు. నేనొక్కదాన్నే హాయిగా నిద్రపోయాను.

తెల్లారి చూస్తే తుపాను తగ్గకపోగా ఇంకా పెరిగింది. వీధి తలుపు తోస్తే తెరుచుకోవడంలేదు. ఇంక చూడాలి మా తంటా! ముగ్గురం ఒకే వంటింట్లో. ఆమె డారెల్‌ని తెరమీద చూడ్డానికే వచ్చిందని ముగ్గురికీ తెలుసు. ఆమె అడగదు. వీడు చెప్పడు. ఆమె కంప్యూటర్ వైపు చూస్తుంది, మళ్ళీ చూడనట్టు కిటికీ వైపు తిరుగుతుంది. వీడేమో కక్కలేక మింగలేక, పది నిమిషాలకోసారి లేచి వెనక వరండాలోకి పోతాడు. అక్కడ మంచులో గొయ్యి తవ్వి డబ్బాని పాతిపెట్టాడని నాకు తెలుసు. లవోన్‌కి తెలియదు.

"ఎక్కడికి వెళ్తున్నాడు మాటిమాటికీ?" అని నన్నడిగింది.

"పక్షులకి గింజలు వెయ్యడానికి" అన్నాను. అంత తుపానులో పక్షులేమిటి, నా మొహం!

"మంచి మనసు" అంది లవోన్.

పొద్దున ఓట్స్ తిన్నాం. పేకాడాం. మాంసం, బంగాళాదుంపలు కలిపి హాట్‌డిష్ పొయ్యిలో పెట్టాను. మళ్ళీ పేకాడాం. ఆర్విడ్ చేతిలో ముక్కలు జారిపోతున్నాయి. కాలరు వదులు చేసుకుంటున్నాడు. బయటికి పోదామంటే దారి లేదు. లోపల కూర్చుందామంటే ఎదురుగా ఆమె. వాణ్ణి చూస్తే జాలీ వేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. భోజనాల దగ్గర ఆమె మెల్లగా, "నిన్న వాడికి నలభై తొమ్మిది వచ్చేవి" అంది. వీడు పళ్ళెంలోకి చూస్తూ "హాట్‌డిష్ బావుందక్కా" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. చెంచా బల్లమీద కొట్టాను.

"ఒరేయ్ ఆర్విడ్! చెప్తావా, నన్ను చెప్పమంటావా? లవోన్, ఆ డిస్కు చచ్చిపోతోందే. డారెల్ ఉన్నది అందులోనే. టేపు చెత్తగుట్టలోకి పోయింది. వీడు నీతో చెప్పలేక నిన్నటినుంచీ కుక్కిన పేనులా పడున్నాడు."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత ఫోర్కు కింద పెట్టి, నాప్‌కిన్ మడిచి, "అయ్యో ఆర్విడ్, నీకెంత ఇబ్బంది" అంది. దేవుడా! కొడుకు గొంతు పోతుంటే కూడా వీడి ఇబ్బందే చూస్తోంది మనిషి.

"ఈమెకో కాపీ ఎందుకివ్వలేదురా?" అని వీడి మీద పడ్డాను.

"ఇస్తానన్నానక్కా. వద్దంది."

"ఎన్నిసార్లు అడిగావు?"

"రెండుసార్లు."

రెండుసార్లు! మా ఊళ్ళో పుట్టినవాడెవడైనా రెండుసార్లడిగి ఊరుకుంటాడా? ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి, రెండోసారి అబ్బే వద్దే వద్దనాలి, మూడోసారి అడిగితే, అంతగా అంటున్నారు కాబట్టి సరే అని పుచ్చుకోవాలి. పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

"మూడోసారి అడగబోతుంటే పాస్టరుగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. "ఆయన మాట్లాడటం మొదలెడితే తెలుసుగా. ఫోను పెట్టేసరికి మర్చిపోయాను. తర్వాత నిజంగానే అక్కర్లేదేమో అనుకున్నాను."

లవోన్ నెమ్మదిగా అంది, "నేను కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను ఆర్విడ్. ఫోనయ్యాక అడుగుతావని. మరుసటేడు అడుగుతావేమో అనుకున్నాను. ఆ మరుసటేడు కూడా."

వాడు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. తర్వాత లేచి వరండాలోకి పోయి, మంచుగడ్డలు అంటుకున్న సంచి పట్టుకొచ్చాడు. డబ్బాని టీ టవల్‌తో ఒత్తి ఒత్తి తుడిచాడు. కంప్యూటర్‌కి తగిలించాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా తిరగడం మొదలెట్టింది. టిక్కు లేదు, గర్రు లేదు. తెరమీద ఫోల్డరు పైకొచ్చింది. చేపల విందు.

"లవోన్" అన్నాడు. "చల్లగా ఉన్నంతసేపే ఇది. ముందు కాపీ తియ్యనా, ముందు చూస్తావా? రెండూ కుదరకపోవచ్చు."

"నీకేది వీలైతే అది."

"నాకు రెండూ వీలే. నువ్వు చెప్పు."

"నువ్వు తెలిసినవాడివి, నువ్వే చెప్పు."

"అమ్మా తల్లీ, అది వేడెక్కుతోంది, ఎవరో ఒకరు చెప్పి చావండి!" అని నేను కాళ్ళు నేలకేసి కొట్టాను.

"కాపీ తియ్యి" అంది లవోన్. "నాకేం తొందర లేదు. తీరిగ్గా తర్వాత చూస్తాను."

వాడు నొక్కాడు. పచ్చటి గీత తెరమీద పాకడం మొదలెట్టింది. నేను కిటికీ తెరిచాను, చలిగాలి డబ్బా మీదికి కొట్టాలని. మంచు బల్లమీద పడుతోంది. ముగ్గురం కోట్లు తొడుక్కుని ఆ గీత వైపే చూస్తూ నిలబడ్డాం. సగం దాటింది. లవోన్ నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళ స్నేహంలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. గీత ఇంకొంచెం పాకింది. అప్పుడు టిక్కుమంది.

ఆర్విడ్ "వద్దు వద్దు వద్దు" అన్నాడు డబ్బాతో. టిక్కు, టిక్కు, గర్రు. కత్తి పళ్ళెం మీద గీస్తున్నట్టు. గీత ఆగిపోయింది. తెరమీదనుంచి ఫోల్డరు మాయమైంది.

దాన్ని పీకి మళ్ళీ మంచులో పెట్టాడు. చాలాసేపు బయటే మోకాళ్ళమీద కూర్చున్నాడు, టోపీ కూడా లేకుండా. తెచ్చి తగిలిస్తే ఈసారి టిక్కు కూడా లేదు. కంప్యూటర్‌లోకి చేరిన ముక్కనైనా తెరుద్దామని చూశాడు, తెరుచుకోలేదు. మళ్ళీ మంచు, మళ్ళీ తగిలించడం. చివరికి నేనే కిటికీ మూసి, "చాల్లేరా" అన్నాను.

లవోన్ కుర్చీలో కూలబడింది. "చూడాలని ఉండింది" అంది. "కాపీ అన్నాను గానీ, చూడాలని ఉండింది. ఎందుకన్నాను అలా? ఎవరికోసం అన్నాను?" ఆమె గొంతు పెద్దదైంది. ఆ మనిషి గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. "చూడాలని ఉందని అనడానికి నాకేం రోగం?"

నాకు బట్టలుతికే గదిలోకి పారిపోవాలనిపించింది. ఈసారి పోలేదు.

బయట గాలి తగ్గుతోంది. కాసేపయ్యాక ఆమె లేచి సింకు దగ్గరికి పోయి కాఫీ కప్పులు కడగడం మొదలెట్టింది. వద్దనాలి నేను, అనలేదు. మావైపు వీపు పెట్టి కడుగుతూ అంది, "ఆర్విడ్, వాడేమన్నాడో నీకు గుర్తుందిగా. నువ్వు నాకంటే ఎక్కువసార్లు విన్నావు. ఒకసారి అను."

వాడు నేలవైపు చూస్తూ, లారీ బరువు చదివినట్టు అన్నాడు. "అమ్మా, నా గ్లౌజులు చూశావా?"

"అలా కాదు. అమ్మా అని సాగదీసేవాడు."

"అమ్మా... నా గ్లౌజులు చూశావా?"

"‘చూశావా’ దగ్గర నవ్వు ఉంటుంది. పక్కనెవరో ఏదో అన్నారు వాడితో."

నా తమ్ముడు, డెబ్బైకి దగ్గరపడ్డ బట్టతల మనిషి, పందొమ్మిదేళ్ళ కుర్రాడిలా నవ్వబోయాడు. చూడలేకపోయాను. వాడి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడంలేదు. మళ్ళీ అన్నాడు. ఆమె మళ్ళీ దిద్దింది. ఇంకొంచెం గట్టిగా అనమంది, ఇంకొంచెం తొందరగా అనమంది. రోడ్డుమీద మంచు తోసే బండి చప్పుడు వినిపించింది. దారి తెరుస్తున్నారు. ఆమె ఆ చప్పుడుకి తలెత్తలేదు.

"అమ్మా... నా గ్లౌజులు చూశావా?" అన్నాడు ఆర్విడ్.

"ట్రక్కు సీటు కింద చూడు నాన్నా" అంది లవోన్, చేతిలో కప్పు కడుగుతూనే.

అని కుళాయి కట్టేసింది. మావైపు తిరగకుండానే చెప్పింది.

"ఆ రోజు నేనీ మాట అనలేదు. టేపులో కనిపించేది నా వీపే. బంగాళాదుంపల గిన్నె తోముతున్నాను. వాడు అడిగాడు, పనిలో ఉండి పలకలేదు. వాడు కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాడు. ఎన్నేళ్ళనుంచో వచ్చి అదే చూస్తున్నాను ఆర్విడ్. ఈసారైనా నేను వెనక్కి తిరుగుతానేమోనని చూస్తున్నాను."

మంచుబండి మా ఇంటిముందు ఆగి హారన్ కొట్టింది, ఆమె కారు తవ్వి తియ్యమంటారా అని. నేను కిటికీలోంచి చెయ్యి ఊపి పొమ్మన్నాను.

"మళ్ళీ అడుగు" అంది లవోన్, తడిచేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగి.

ఆర్విడ్ నావైపు చూశాడు. అడగరా అన్నాను.